కొండమీదికి నూతినీళ్ళు

ఈ వేసవిలో ఒకరోజు పొద్దున్నే చోడవరంలో మా ఇంటి ముందు కారు డిక్కీ తెరిచి, మా తమ్ముడి కూతురు దివ్య నీళ్ళ సీసాల అట్టపెట్టెలు సర్దుతోంది. అందరం కలిసి పాడేరు కొండల మీదికి వెళ్ళి ఒక రాత్రి ఉండి రావాలన్నది ఆ పిల్ల ఏర్పాటే. దానికోసమే నేను గాజువాక నుంచి ముందురోజు వచ్చి దిగాను. "అత్తా, రెండు పెట్టెలు చాలా, ఇంకోటి పెట్టనా? అక్కడి నీళ్ళు మనకి పడతాయో లేదో" అంది దివ్య. అందులో నవ్వడానికి ఏమీ లేదు. కాని అరుగు మీద కుర్చీలో చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అమ్మ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఎనభై దాటిన మనిషి, నవ్వితే ఎక్కడ పొలమారుతుందోనని మా భయం మాది. "నీళ్ళు సరే. పిప్పి బస్తా ఎక్కించేరా?" అంది అమ్మ. దివ్య నాకేసి చూసింది, తమ్ముడు అమ్మకేసి చూశాడు. వాడికి తెలియకపోవడంలో వింత లేదు. ఆ పిప్పి బస్తా జీపెక్కిన వేసవిలో వాడు నిక్కరు జారిపోకుండా పట్టుకునే పనిలోనే తీరిక లేకుండా ఉండేవాడు. నాకు మాత్రం అంతా కళ్ళముందే ఉంది, అందుకని దారి పొడుగునా నేను కిటికీలోంచి ఒకటి చూస్తూ లోపల ఇంకొకటి చూస్తూ వెళ్ళాను.

మా దొడ్డివైపు నిలబడితే పడమటి వైపు కొండలు కనిపిస్తాయి. పొద్దున పూట లేత నీలం, ఎండెక్కాక బూడిద రంగు, వాన పడి వెలిసిందంటే చెయ్యి చాపితే అందేటంత దగ్గర. అమ్మ రోజూ నూతిగట్టు దగ్గర అంట్లు తోముతూ వాటికేసే చూసేది. బూడిద, కొబ్బరిపీచు, మాడిన గిన్నె, ఎదురుగా కొండలు, ఇదీ అమ్మ పొద్దున. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకసారి నాన్నని, "ఆ కొండల మీద ఏటుంటాది?" అని అడిగిందట. "ఏటుంటాది, కొండే" అన్నాడట నాన్న. "ఓపాలి సూసొద్దామా?" అంటే, "సెరుకు నరికీసేక ఎల్దాం" అన్నాడట. చెరకు పండించే ఇంట్లో అంతకంటే గడుసు మాట ఉండదు. నరికాక ఫ్యాక్టరీకి తోలాలి, తోలాక మోళ్ళు చెక్కాలి, చెక్కాక నీళ్ళు పెట్టాలి, ఈలోగా మళ్ళీ ఎదిగిన గడల్ని కలిపి జడకట్టే పని వచ్చిపడుతుంది. నాన్న అబద్ధం ఆడలేదు. ఆయన చెప్పిన ఆ 'నరికాక' మాత్రం నేను పుట్టినా రాలేదు, తమ్ముడు పుట్టినా రాలేదు. అమ్మ మళ్ళీ అడగనూ లేదు. తోమేటప్పుడు తలెత్తి చూడడం మాత్రం మానలేదు.

అసలు అడ్డం చెరకు కాదు, మా మామ్మ. నాన్నకి తల్లి. నాన్న ఆవిడ మాట దాటడు. మామ్మకి చోడవరం దాటితే అనకాపల్లి, అనకాపల్లి దాటితే సింహాచలం, అక్కడితో ప్రపంచం అయిపోయింది. సింహాచలం వెళ్ళినా మా నూతినీళ్ళే చెంబుతో పట్టుకెళ్ళి, అవే తాగి వచ్చేది. పరాయి ఊరి నీళ్ళు పడకపోతే దగ్గు, కొండనీళ్ళు తాగితే కొండజొరం అని ఆవిడ సిద్ధాంతం. దానికి కారణం ఉంది. మామ్మ పెద్దన్నయ్య చింతపండు కొనడానికి కొండమీది సంతలకు వెళ్ళి, వణుకుతూ బండిలో పడుకుని తిరిగొచ్చాడు. మరి లేవలేదు. అప్పటికి మామ్మ చిన్నపిల్ల. ఆయన గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళు తాగాడని ఎవరో అన్నారు, ఆ మాట ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. "అది దోమల వల్ల వచ్చీ జొరమమ్మా, నీళ్ళ వల్ల కాదు" అని నాన్న ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. "ఓరి సదువుకున్నోడా, దోమలు మనూర్లో లేవేటి?" అని మామ్మ అడిగింది. అప్పుడు కూడా నాన్న వీపు మీద దోమ వాలి ఉంది.

అలాంటి ఇంట్లోంచి మేం కొండెక్కామంటే అది ఒక మాస్టారి పుణ్యం. ఆయనది రావికమతం వైపు, నాన్నకి స్నేహితుడు. ఘాట్ ఎక్కగానే వచ్చే చిన్న ఊళ్ళో బడిపంతులుగా పనిచేసేవాడు. వేసవి సెలవులకి ఇంటికి పోతూ, క్వార్టర్ ఖాళీగా ఉంటుంది, పిల్లల్ని తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉండి రమ్మని తాళంచెవి నాన్న చేతిలో పెట్టాడు. ఆ ఏడు ఫ్యాక్టరీలో చెరకు ఆడడం తొందరగా ఆగింది. నాన్న తాళంచెవిని జేబులో వేసుకుని తిరుగుతూ, ఎలా చెప్పాలో తెలియక అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా దగ్గేవాడు. చివరికి మామ్మే, "ఆ జేబులో గలగల ఏట్రా?" అని అడిగింది. నాన్న చెప్పింది విన్నది. చాలాసేపు చుట్ట తాగింది. ఎల్దాం అంది. అంటే తాను కూడా వస్తుంది, తనతోపాటు మా నూతినీళ్ళు, మా బియ్యం, మా గిన్నెలు, మా పిప్పి వస్తాయి. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. ఆ రాత్రి పెరుగు తోడుపెట్టడం మరిచిపోయింది, అమ్మ అలా మరిచిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

పిప్పి అంటే చెరకు రసం తీసేశాక మిగిలే పీచు. ఎండితే భగ్గున మండుతుంది. బెల్లం వండే పెద్ద పొయ్యిలోకి అదే, మా వంటింట్లోకి అదే. మా బట్టల్లో, జుట్టులో, చివరికి మజ్జిగలో కూడా ఆ తీపి పొగ వాసన ఉండేది. జీపు వెనకాల రెండు బస్తాల పిప్పి, రెండు పెద్ద పాలక్యాన్ల నిండా నీళ్ళు ఎక్కించారు. నూతి దగ్గర మామ్మే నిలబడి తోడించింది, క్యాన్ల మూతులకి తడిగుడ్డలు తనే కట్టింది. జీపు నడిపే సన్నిబాబు బీడీ తీసి చెవి మీద పెట్టుకుని, "కొండకి కట్టెలట్టుకెళ్ళీవోళ్ళని ఇప్పుడే సూస్తన్నాను" అన్నాడు. "అడివి కట్టె ఏ సెట్టుదో ఏటో. ఇసపు సెట్టైతే నువ్వొచ్చి మందిస్తావా?" అంది మామ్మ. చుట్టూ చూస్తే అడవి, జలజలా పారే గెడ్డలు ఉన్న చోటికి కట్టెలూ నీళ్ళూ మోసుకుపోతున్నామని అతను అన్నాక కూడా మాలో ఒక్కరికీ తోచలేదు. మాడుగులలో ఆగినప్పుడు నాన్న హల్వా కొని, మామ్మ చూడకుండా జీపు వెనకాల నాకూ తమ్ముడికీ తలో ముద్ద పెట్టాడు. అమ్మకి కూడా ఆకులో చుట్టి ఇచ్చాడు. అమ్మ తినలేదు, కొంగున కట్టుకుంది. కొండ మీదికెళ్ళి తింటానంది.

ఘాట్ మొదట్లో అమ్మవారి పాదాల దగ్గర మామ్మ కొబ్బరికాయ కొట్టింది. అక్కడినుంచి మలుపులు. ఒక్కొక్క మలుపుకీ మేమంతా ఒకరి మీద ఒకరం పడుతున్నాం, తమ్ముడు ప్రతిసారీ కావాలనే ఇంకాస్త ఎక్కువ పడుతున్నాడు. ఆ కుదుపుల్లో ఒక క్యాన్ మూతి గుడ్డ ఊడి, నీళ్ళన్నీ మామ్మ వెంట తెచ్చుకున్న పరుపు తాగేసింది. అది తెలిసేసరికి జీపు ముందునుంచి పొగ. ఇంజను మరిగిపోయింది. మేం దిగి రోడ్డు వారన నిలబడి కింద పొలాలు చూస్తున్నాం, పచ్చటి ముక్కలు, మధ్యలో దారప్పోగులాంటి రోడ్డు. మామ్మ తడిసిన పరుపుని బండమీద ఆరేస్తోంది. సన్నిబాబు తన పద్ధతిలో తాను రెండో క్యాన్ దింపి, మూతి గుడ్డ విప్పి, మా నూతినీళ్ళు రేడియేటర్లోనూ ఇంజను మీదా పోసేశాడు. బండికి నీళ్ళు పోయడం అతనికి అలవాటైన పని, అనుమతి అడగాలని తోచలేదు. అడుగున చెంబెడు మిగిలితే దాంతో ముఖం కూడా కడుక్కున్నాడు.

మామ్మ వెనక్కి తిరిగి ఆ ఖాళీ క్యాన్ చూసింది. అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. వచ్చి జీపు మెట్టు మీద కూర్చుని, "బండి ఎనక్కి తిప్పమను" అంది నాన్నతో. "నీళ్ళు లేకుండా పిల్లల్ని మీదికి అట్టుకెళ్ళడానికి నాను ఒప్పుకోను. మా అన్న ఒక్కడు సాలు." నాన్న తల వంచుకున్నాడు. ఆ చివరి మాట వచ్చిందంటే ఇక మాట ఉండదు. అమ్మకేసి చూడకుండానే, "సన్నిబాబూ, ఇక్కడ బండి తిరుగుతాదేటి?" అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. నేను ఎప్పుడైనా మళ్ళీ రావచ్చు, పెద్దదాన్నవుతాను, బస్సులున్నాయి. అమ్మ మాత్రం ఇప్పుడు దిగితే ఇక రాదని ఆ వయసులోనే నాకు తెలిసిపోయింది. రేపటినుంచి మళ్ళీ ఆ నూతిగట్టు, ఆ బూడిద, ఎదురుగా ఈ కొండ.

మలుపు అవతల, రాతి సందులోంచి కారే ఊటకి వెదురుబొంగుని నిలువునా చీల్చి అమర్చారు, సన్నటి ధార పడుతోంది. అమ్మ నడుచుకుంటూ అక్కడికి వెళ్ళింది. కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టి తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని తిరిగి నడుచుకుంటూ వచ్చింది.

"తాగేసేవేటే పైడీ?" అంది మామ్మ. అమ్మ పేరు పైడితల్లి.

"తాగేసేనత్తా. దాహమేసింది."

"ఎంత తాగేవు?"

"దాహం తీరినంత."

అత్తగారితో అమ్మ అంత సూటిగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు. మామ్మ ముఖంలో కోపం ఉండాల్సిన చోట భయం ఉంది. అన్నయ్య వణుకుతూ పడుకున్న బండి కనిపిస్తోందో ఏమో, లేచి వచ్చి అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. సన్నిబాబు గొంతు సవరించుకుని, "మామ్మా, కిందికి సానా దూరం. మీదికైతే దగ్గిరే. జొరమొస్తే మనిషిని బేగి పడుకోబెట్టాలి గదా" అన్నాడు. అతను చేసిన పనికి అదే పరిహారం. మామ్మ ఆలోచించింది. "అయితే మీదికే పోనీ" అంది. మిగతా దారంతా అమ్మ తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మ పడుకునే కొంగుముడి విప్పి, కొంచెం కొంచెంగా హల్వా తింది.

మాస్టారి క్వార్టర్ రెండు గదుల పెంకుటిల్లు. ముందు వరండా, వరండాలో బల్ల, బల్ల ఎదురుగా లోయ. మామ్మ ఆ బల్ల మీద దుప్పటి పరిచి, "ఇక్కడ కూకో. కదిలేవంటే ఊరుకోను" అంది. "వంట, అత్తా?" అంది అమ్మ. "నాను సేస్తాను" అంది మామ్మ. కోడలు ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి పొయ్యి ముట్టించని మనిషి చీర బిగించి పొయ్యి ముందు కూర్చుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, పులుసులో బెల్లం తన చేతికొచ్చినంత వేసింది. అడ్డాకుల్లో వేడన్నం పెట్టి, ముందు అమ్మకి తీసుకెళ్ళి ఇచ్చింది. మా ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నెల అడుగున మిగిలింది తినే మనిషి మా అమ్మ. ఆరోజు ఆకు ఒళ్ళో పెట్టుకుని, కొండలకేసి చూస్తూ, ఆ ఉప్పుకషాయం లాంటి పప్పుని మారు అడిగి మరీ తింది. మాకు తాగడానికి ఊటనీళ్ళలో మిరియాలు, బెల్లంముక్క వేసి మరిగించి ఇచ్చేది మామ్మ. మరిగిస్తే అవి కొండనీళ్ళు కావట.

నాన్న పొద్దున్నే నన్నూ తమ్ముణ్ణీ కొండదారుల వెంట తిప్పేవాడు. కాఫీ చెట్ల నీడలో నడిచాం, వాటికి నీడపట్టే పెద్ద చెట్లకి మిరియాల తీగలు పాకి ఉండేవి. పనసపళ్ళ వాసన ఊరు రాకముందే వచ్చేది. సంతలో అల్లం, పసుపు, పచ్చిమట్టి కలిసిన వాసన. నాన్న ఎక్కడికెళ్ళినా వంగి మట్టి నలిపి చూసి, "ఇక్కడ సెరుకేస్తే నిలబడతాదా?" అని ఎవరో ఒకర్ని అడిగేవాడు. వాళ్ళు మర్యాదగా నవ్వి ఊరుకునేవారు. మేం తిరిగి రాగానే చూసినవన్నీ అమ్మకి చెప్పాలి. తమ్ముడు చూడనివి కూడా చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు వరండాలోకే వచ్చేసింది, వెనకే వాన. పక్కింటివాళ్ళ కట్టెలు తడిసి పొగ తప్ప మంట లేదు, మా పిప్పి మాత్రం భగ్గున అంటుకుంది. మామ్మ వాళ్ళకి కూడా ఒక గంప ఇచ్చి, "అడివిలో కట్టెలుంటాయన్నోడేడి?" అని అడిగింది. సన్నిబాబు మమ్మల్ని దింపేసి ఎప్పుడో వెళ్ళిపోయాడు, అయినా అడిగింది.

పొయ్యి దగ్గర నుంచి లేచినప్పుడల్లా మామ్మ చేతులు కడుక్కుని వచ్చి అమ్మ నుదురు ముట్టుకునేది. ఊటనీళ్ళతో కడిగిన చేతులు మంచులా ఉండేవి, వాటికి ఏ నుదురైనా వెచ్చగానే తగులుతుంది. "ఎచ్చగుంది" అని తల పంకించేది. అమ్మ నీరసంగా కళ్ళు మూసుకునేది. ఒకసారి మామ్మ లోపలికి వెళ్ళగానే నేను వెళ్ళి ముట్టుకున్నాను. చల్లగా, హాయిగా ఉంది. "అమ్మా, నీకు జొరం..." అనబోతే అమ్మ నా చేతిని అలాగే తన చేత్తో నొక్కి పట్టుకుంది. కళ్ళు తెరవలేదు, పెదవులు మాత్రం కదిలాయి, నవ్వో ఏమో. నేను మామ్మకి చెప్పలేదు.

ఆ సాయంత్రమే అమ్మ, "అత్తా, నడిస్తే సెమట పట్టి జొరం దిగుతాదంట. మా అమ్మ అంటుండీది" అంది. మామ్మకి అది సబబుగానే తోచింది. నాన్నని పిలిచి, "దీన్ని ఆ మిట్టదాకా నడిపించుకు రారా. సెమట పట్టేదాకా రాకండి" అని ఆజ్ఞాపించింది. నాన్న బుద్ధిగా చెప్పులు వేసుకున్నాడు. వాళ్ళిద్దరూ ఎక్కడికైనా కలిసి నడుస్తూ వెళ్ళడం నేను చూడలేదు. నాన్న ఎప్పుడూ ముందు, అమ్మ పది అడుగులు వెనక. ఆరోజు మాత్రం గట్టు దాటగానే నాన్న ఆగాడు, అమ్మ అందుకుంది, పక్కపక్కన ఎక్కారు. మేం వరండాలోంచి చూస్తూనే ఉన్నాం, మిట్ట మీద ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. తిరిగొచ్చాక అమ్మ నిజంగానే చెమటతో తడిసిపోయి ఉంది. "మన దొడ్డి కనిపించిందా?" అని అడిగాను. "నూతిగట్టు కోసం సూసేను. కనబళ్ళేదు" అంది అమ్మ. కొంగుతో మెడ తుడుచుకుంటూ, "బాగుంది" అంది.

దిగేటప్పుడు ఆ మలుపులో మామ్మ జీపు ఆపించింది. ఒక్కతే ఊట దగ్గరికి వెళ్ళింది. ముఖం, కాళ్ళు కడుక్కుంది. దోసిట్లో నీళ్ళు పట్టి వాటికేసే చూస్తూ నిలబడింది. తర్వాత తాగింది. వచ్చి జీపెక్కి కూర్చుని, ఎవరికీ కాకుండా, "సల్లగున్నాయి. మా అన్నకి దాహమేసుంటాది" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఊరొచ్చేసరికి తమ్ముడు నిద్రపోయాడు.

మళ్ళీ కొండెక్కే వేసవి మాకు రాలేదు. చెరకు, తర్వాత మామ్మ మంచం పట్టడం, మా చదువులు, పెళ్ళిళ్ళు. ఇప్పుడు మామ్మ లేదు, నాన్న లేడు. అప్పుడు మా ఊరూ ఆ కొండలూ ఒకే జిల్లా, ఇప్పుడు మేమొక జిల్లా, కొండలొక జిల్లా. ఘాట్ రోడ్డు నున్నగా ఉంది, ఏ ఇంజనూ మరగడం లేదు, మలుపు మలుపుకీ బొంగు చికెన్ బోర్డులు. ఊట దగ్గర వెదురుబొంగు పోయి సిమెంటు తూము వచ్చింది, దాని పక్కనే ఖాళీ నీళ్ళసీసాల కుప్ప. కొండనీళ్ళకి భయపడేవాళ్ళం మేమొక్కరమే కాదని ఆ కుప్ప చూశాక తెలిసింది. మామ్మని ఎన్నేళ్ళు ఆటపట్టించామో, ఈ పిల్లలు కూడా ఆవిడ చేసిన పనే చేస్తున్నారు, కాకపోతే క్యాన్ల బదులు సీసాలు. అమ్మ కారు ఆపించి దిగింది. దివ్య, "వద్దు నాన్నమ్మా, ఇన్‌ఫెక్షన్ వస్తుంది" అంటూనే ఉంది, అమ్మ దోసిలి పట్టి తాగేసింది. "దాహమేసింది" అంది.

మర్నాడు పొద్దున్న బస చేసిన హోటల్లో అందరూ హడావుడిగా బ్యాగులు సర్దుతున్నారు. పన్నెండింటిలోగా గది ఖాళీ చేయాలట, తమ్ముడికి ఫోన్ల మీద ఫోన్లు, దివ్య చార్జర్ వెతుక్కుంటోంది. అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. ఎదురుగా లోయలో మబ్బు ఇంకా విడలేదు. "ఒసే, ఓసారి ఇలా రా" అని పిలిచింది నన్ను. వెళ్ళాను. నాకేసి చూడకుండా, కొండలకేసే చూస్తూ, "నా నుదురు సూడు. ఒళ్ళు ఎచ్చగున్నట్టు లేదూ?" అంది.

చెయ్యి వేశాను. చల్లగా, హాయిగా ఉంది. అమ్మ కళ్ళు మూసుకుంది. వెనకనుంచి దివ్య కంగారుగా, "ఏమైందత్తా? జ్వరమా? నేను చెప్పాను కదా ఆ నీళ్ళు తాగొద్దని" అంటూ వచ్చింది.

నేను చెయ్యి తియ్యలేదు. "కొంచెం ఎచ్చగానే ఉందే. గది రేపటిదాకా ఉంచమను. సాయంత్రం అలా మిట్టదాకా నడిపించి తెస్తాను, సెమట పడితే దిగిపోతాది" అన్నాను.